కరవుసీమ యువజనులకు మనము తీర్పవలసిన ఋణము

2009వ సంవత్సరమును కర్నూలు పురవాసులు మరవజాలరు. ఆ యేడు నైరృతి ఋతుపవనము దేశమంతట ముఖము చాటువేసెను. కురియవలసిన వానలో నూటికి 22 పాళ్ళు లోపించినట్లును, 1972 తరువాత అంతటి అనావృష్టి కలుగలేదనియు లెక్కలు తేలినవి. సీమ రైతు ఆకసము వంక జూచి జూచి కన్నులు కాయలు కాచి కూర్చుండెను. ఇంతలో అక్టోబరు 2వ తేదీ వచ్చినది. గాంధీ జయంతి నాడు తుంగభద్రయు హంద్రియు ఏకమై కర్నూలు వీథులలో జొరబడినవి. శ్రీశైల జలాశయమునకు సెకనునకు 25 లక్షల ఘనపుటడుగులకు పైబడిన ప్రవాహము వచ్చి చేరెను. ఆ యానకట్టను నిర్మించినవారు ఊహించి లెక్కగట్టిన వరదను అది మించిపోయినది. కొలది వారముల క్రిందట గుక్కెడు నీటికై అంగలార్చిన జనులు మేడలపై కెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. ఒక్క యేటనే కరవును వరదయు ఒకదాని వెంట నొకటి వచ్చి మన తలుపు తట్టినవి.

పండ్రెండేండ్లకు అట్టి పాఠమే కడపకును వచ్చినది. 2021 నవంబరు 19వ తేదీ ఉదయమున, నాటి కడప జిల్లాలోని రాజంపేట ప్రాంతమున చెయ్యేటికి కట్టిన అన్నమయ్య జలాశయపు మట్టికట్ట తెగిపోయెను. పులపత్తూరు, మందపల్లె, తొగురుపేట మొదలగు పల్లెలపై నీరు విరుచుకొనిపడగా పదులకొలది జనులు కొట్టుకొనిపోయిరి. పంటపొలములపై ఇసుక మేటలు వేసినది. జలాశయపు తలుపులలో నొకటి తెరువబడలేదన్న సంగతి పిమ్మట పార్లమెంటు వరకును పోయినది. వాన దైవికము కావచ్చును. తెరుచుకొనని తలుపు దైవికము గాదు.

కరవు మనకు క్రొత్త చుట్టము గాదని పెద్దలు కొందరు ఆక్షేపింతురు. నిజమే. 1866 నాటి కరవులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు గాదెలు విప్పి వేలకొలది అన్నార్తులను బ్రతికించిన కథ మన యిండ్లలో నేటికిని వినబడుచున్నది. 1876 మొదలు 1878 వరకు సాగిన ధాత కరవులో కర్నూలు, కడప, బళ్లారి మండలములు పోగొట్టుకొన్న ప్రాణములకు లెక్క లేదు. 1928లో నంద్యాల సభయందు దత్తమండలమను దైన్యపు పేరును విడనాడి రాయలసీమ యను పేరు పెట్టుకొంటిమి. పేరు మార్చుకొంటిమి గాని కరవు మనలను విడువలేదు. ఇప్పుడు ఆ కరవుయొక్క స్వభావమే మారుచున్నది. మేము చెప్పదలచిన విషయమంతయు ఇచ్చటనే ఆరంభమగుచున్నది.

మన పూర్వపు పాఠ్యపుస్తకములు శీతోష్ణస్థితి యని చెప్పిన దానిలో కలుగుచున్న వికారమును నేడు లోకమంతయు వాతావరణ మార్పు అని వ్యవహరించుచున్నది. బొగ్గును, చమురును కాల్చగా పుట్టిన బొగ్గుపులుసు వాయువు భూమి చుట్టును దుప్పటివలె క్రమ్ముకొని వేడిమిని బయటికి పోనీయకున్నది. పారిశ్రామిక యుగమునకు పూర్వమున్న దానికంటె 2024లో భూగోళపు సగటు ఉష్ణము ఒకటిన్నర డిగ్రీకి మించెనని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించినది. ఒక్క డిగ్రీ వేడెక్కిన గాలి నూటికి సుమారు 7 పాళ్ళు అధికముగా నీటియావిరిని మోయగలదు. అట్టి గాలి ఎండకాలమున నేలలోని పదును నంతయు పీల్చివేయును. కురిసిననాడు మోసిన నీటి నంతయు ఒక్కపెట్టున క్రుమ్మరించును. ఏటి వాన మొత్తము ఎప్పటియంతయే యున్నను, కురియు దినములు తగ్గి, కురిసిన దినమున కుంభవృష్టియగుట ఇందుచేతనే. ఫలానా వరద కేవలము దీని ఫలమేయని ఒక్కమాటలో తీర్మానించుట శాస్త్రసమ్మతము గాదు. అయినను పాచికలు బరువెక్కినవని మాత్రము నిస్సంశయముగా చెప్పవచ్చును.

నేడు ఇరువదేండ్ల ప్రాయము గలవాడు 2050 నాటికి నడివయసు వాడగును. ఈ వ్రాతను చదువుచున్న మనలో పెక్కుమంది అప్పటికి ఉండము. మనము కాల్చినదాని వేడిని అనుభవింపవలసినవాడు అతడు. మనము పూడ్చివేసిన చెరువుల కట్టలపై కూర్చుండి వాన కెదురుచూడవలసినది అతని చెల్లెలు. ఆ సంగతి వారు గ్రహింపక పోలేదు. 2021లో మన దేశముతో గూడ పది దేశములలో, 16 మొదలు 25 ఏండ్ల ప్రాయముగల పదివేలమందిని విచారింపగా, నూటికి 59 మంది వాతావరణ మార్పును గూర్చి మిక్కిలి కలత చెందుచున్నట్లు చెప్పిరి. ఆ కలత తమ నిత్యజీవనమును చెరచుచున్నదని దాదాపు సగముమంది చెప్పిరి. కలత పడినవా రందరును ఊరక కూర్చుండలేదు. మన రెండు జిల్లాలలోను పొలముగట్టున నిలిచి రైతుతో మాటలాడు వ్యవసాయ పట్టభద్రులు, చెరువుల కొలతలు తీయు విద్యార్థులు, కొర్రల విత్తనములు సేకరించు యువతులు కలరు. వీరి సంఖ్య స్వల్పము కావచ్చును. వీరి సంకల్పము స్వల్పము గాదు.

ఇట్టి యువజనులను మనము ఆదరించుచున్న విధ మెట్టిది? ఏటేట జూన్ 5వ తేదీని పర్యావరణ దినముగా జరుపుచున్నాము. వేదిక వేయుదుము, ప్రముఖులను పిలుతుము, పిల్లలచేత మొక్కలు నాటింతుము, ఛాయాచిత్రములు తీయింతుము, చప్పట్లు చరతుము. జూన్ 5న నాటిన మొక్కకు 6న నీరు పోయువాడు లేడు. ఆ మొక్కకు పట్టిన గతియే ఆ పిల్లలకును పట్టుచున్నది. ఉత్సాహముతో ముందుకు వచ్చిన బాలునకు ఏడాదిలోపల మూడు విషయములు బోధపడును: తనకు చెప్పువాడు లేడు, తనకు కూడు పెట్టువాడు లేడు, తాను చెప్పినది వినువాడును లేడు. అంతట అతడు బెంగుళూరు బండి యెక్కును. అతనిని మేము నిందింపజాలము.

ఈ దేశమున మహాకార్యములు ఎట్లు సాధింపబడెనో తెలిసికొనుటకు దూరము పోవలసిన పని లేదు. కడప జిల్లాలోని పోరుమామిళ్ళ చెరువును చూచినవారు, ఆ కట్ట చెంతనున్న శాసనమును గూర్చియు వినియుందురు. విజయనగర ప్రభువగు బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు 1369లో ఆ చెరువును కట్టించెను. రెండేండ్లపాటు దినమునకు వేయిమంది మనుష్యులును, నూరు బండ్లును పనిచేసిన వైనము ఆ శాసనమునందు కలదు. అంతకంటె ముఖ్యముగా, మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, చెరువును చెరచు ఆరు దోషములను ఆ శాసనము లెక్కించి చెప్పినది. గట్టి నేల, మంచినీటి యేరు, లోతైన గర్భము, కట్టకు తగిన రాయి మొదలగువానితోపాటు మూడు అంగములు మనుష్యులకు సంబంధించినవి: ధర్మబుద్ధిగల ప్రభువు, జలశాస్త్ర మెరిగిన పండితుడు, నిర్మాణమునందు నేర్పరులగు పనివారల సమూహము. ఈ మూటిలో ఏ యొక్కటి లోపించినను చెరువు నిలువదు. నేడు మనకు పనిచేయ గోరు యువజనసమూహము కలదు. పండితుడు తన జ్ఞానమును తన గదిలో తాళము వేసికొని కూర్చుండెను. ప్రభువు స్థానమున నున్నవారు, అనగా అధికారము, ధనము, పలుకుబడి గల మనము, చప్పట్లతో సరిపెట్టుచున్నాము.

ఇట్లుండుట విధిలిఖితము గాదనుటకు మన సీమలోనే నిదర్శనములు కలవు. మొదటిది ప్రకృతి వ్యవసాయము. 2016 నుండి రైతు సాధికార సంస్థ మన రాష్ట్రమున ఈ పద్ధతిని వ్యాపింపజేయుచున్నది. వ్యవసాయ పట్టభద్రులగు యువతీయువకులను పల్లెలకు పంపి, అచటనే కాపురముంచి, స్వయముగా కొంత నేల సాగుచేయించి, రైతుల యొద్ద నేర్చి రైతులకు నేర్పునట్లు ఆ సంస్థ యేర్పాటు చేసెను. కడప జిల్లా పులివెందులలో జర్మను ప్రభుత్వ సాయముతో ఏర్పడిన ఇండో-జర్మన్ అకాడెమీ, పొలమునే పాఠశాలగా జేసి రైతుశాస్త్రవేత్తలను తయారుచేయ బూనినది. వారు నేర్చునది పుస్తకపు పాండిత్యము మాత్రమే గాదు. తొలకరికి ముందే పలురకముల గింజలకు మట్టియు ఘనజీవామృతమును పట్టించి, గుళికలు జేసి పొడిదుక్కిలో చల్లుదురు. చిన్న జల్లు పడినను అవి మొలచి నేలను కప్పును. ఎండ నేరుగా మంటిపై బడదు. పెద్దవాన కురిసినచో నీరు వంకలపాలు గాక నేలలో నింకును. ఈ కార్యమునకు 2024లో పోర్చుగలు దేశపు గుల్బెంకియన్ పురస్కారము, ఆచార్య రత్తన్ లాలుతోను ఈజిప్టు దేశపు సెకెమ్ సంస్థతోను కలిపి, లభించినది.

ఈ పద్ధతి దిగుబడులను గూర్చి శాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయము లేదు. 2019లో జాతీయ వ్యవసాయ విజ్ఞాన అకాడెమీవారు గట్టి సందేహములనే వెలిబుచ్చిరి. ఆ వివాదమున తీర్పు చెప్పుట మా యుద్దేశము గాదు. పొలముల లెక్కలే దానిని తేల్చగలవు. మేము గ్రహింపుమని కోరునది ఆ శిక్షణ విధానమును. చదువుకొన్న యువతికి ఏండ్లతరబడి మట్టి నెరిగిన రైతమ్మ గురువైనది. ఆమెకు ఒక ఊరు, ఒక మడి, నెలనెల కొంత వేతనము, వెనుక నొక సంస్థ కలిగినవి. ఇవి గలిగిననాడు మన పిల్లలు నిలిచి పనిచేయుదురు. నంద్యాలలో 1906 నుండి వ్యవసాయ పరిశోధనా స్థానము కలదు. కరవుకోర్వగల కొర్రలలో సూర్యనంది, రేనాడు అను రకములు అచట రూపొందినవే. అచటి శాస్త్రజ్ఞులకును మన కళాశాలల విద్యార్థులకును నడుమ ఎంత రాకపోక యున్నదో ఆయా కళాశాలల పెద్దలే చెప్పవలెను.

రెండవ నిదర్శనము లంకమల యడవులది. 1900 తరువాత ఎవరికిని కానరాక, నశించినదని శాస్త్రజ్ఞులు తలచిన కలివికోడి 1986 జనవరిలో సిద్ధవటమునకు చేరువనున్న రెడ్డిపల్లె ప్రాంతమున మరల దొరకినది. దానికై వెదకినవాడు బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము పంపిన యువశాస్త్రజ్ఞుడు భరత్ భూషణ్. వెనుక నుండి నడిపించినవాడు అప్పటికి తొంబదేండ్లకు చేరువయైన సలీం అలీ. రాత్రివేళ దీపపు వెలుతురున దానిని పట్టి తెచ్చినవాడు ఆ ప్రాంతపు వేటకాడు. వృద్ధుని శాస్త్రము, యువకుని శ్రమ, పల్లెవాని యెరుక – ఈ మూడును కలిసినచోట, ఎనుబదేండ్లకు పైగా పోయినదనుకొన్నది కంటబడినది. పిమ్మట ఆ పక్షి నివాసము చెడకుండుటకు తెలుగుగంగ కాలువ దారినే మార్చవలసి వచ్చెను. పరిశోధన పాలనను మార్చగలదనుటకు ఇంతకంటె ఏమి కావలయును?

మూడవది ధనమునకు సంబంధించినది. బ్రౌనుదొర కడపలో నుండగా తెలుగు తాళపత్రములను సేకరించి, పరిష్కరింపించిన సంగతి చదువరు లెరుగుదురు. ఆయన పండితులను వట్టి శ్లాఘలతో పనిచేయింపలేదు. తన స్వంత ధనమునుండి జీతములిచ్చి, బంగళాలో వసతి కల్పించి పని చేయించెను. అందుచేతనే ఆ గ్రంథములు నేడు మనకు దక్కినవి. పరదేశీయుడగు ఉద్యోగి యొకడు చేయగలిగిన పనిని స్వతంత్ర భారతపౌరులమగు మనము చేయజాలమా? సేవ పేరిట ఆకలితో పనిచేయుమని యువకునకు చెప్పుట ధర్మము గాదు. సంపన్న గృహమున బుట్టిన బాలుడు రెండేండ్లు ఉచితముగా పనిచేయగలడేమో! కోసిగి, ఆలూరు, మంత్రాలయము ప్రాంతములలో తల్లిదండ్రులు ఏటేట గుంటూరు మిరపతోటలకు సుగ్గికి పోవు బాలిక పనిచేయజాలదు. అయినను వాన తప్పుట యనగా నేమో, బడి మాని తమ్ముని ఎత్తుకొని బండి యెక్కుట యనగా నేమో ఆ బాలిక యెరిగినట్లు మనలో ఎవ్వరును ఎరుగరు. ఆమెను విడిచి సంపన్నుల బిడ్డలతో నడుపు ఉద్యమము కరవుసీమ యుద్యమము గానేరదు.

నాల్గవది రక్షణ. 1883లో కర్నూలున జన్మించిన గాడిచెర్ల హరిసర్వోత్తమరావుగారు 1907లో రాజమహేంద్రవర శిక్షణ కళాశాలలో చదువుచు, బిపిన్ చంద్రపాలుగారి రాక సందర్భమున వందేమాతర నినాదము జేసి కళాశాలనుండి వెడలగొట్టబడిరి. మరుసటి యేడు స్వరాజ్య పత్రికలోని వ్రాతకై చెరసాల కేగిరి. అట్టి యువకుడు ఆవల గ్రంథాలయోద్యమమునకును, వయోజన విద్యకును జీవితమును ధారపోసెను. నేడు మనము కూర్చుండి చదువుకొనుచున్న పఠనమందిరములు అట్టివారి తపఃఫలములు. యౌవనమున నోరు విప్పిన వానిని దుడుకువాడని త్రోసిపుచ్చు సమాజము తన భావిసేవకునే పోగొట్టుకొనును. 2021 ఫిబ్రవరిలో వాతావరణ ఉద్యమమున పనిచేయుచున్న బెంగుళూరు యువతి యొకతె రాజద్రోహ నేరముపై నిర్బంధింపబడి, పది దినములకు న్యాయస్థానముచే జామీనుపై విడుదల గాంచెను. సాక్ష్యము మిక్కిలి పలుచనిదని న్యాయమూర్తి చెప్పిరి. అట్టి యెడ మొదటి దినముననే ప్రక్కన నిలుచు వకీలు, మంచిచెడ్డలు చెప్పు పెద్ద, కట్టుబడి మాటలాడు పత్రిక ప్రతి పట్టణమునను ఉండవలెను.

ఇచట మాకు రెండు ఆక్షేపణలు వినవచ్చుచున్నవి. లోకమును పొగతో నింపినవారు పాశ్చాత్యులు గదా, ఆ భారము మన బిడ్డలు మోయనేల? అని మొదటిది. ఆక్షేపణలో న్యాయము లేకపోలేదు. ఏటేట మన దేశీయుడు సగటున విడుచు బొగ్గుపులుసు వాయువు సుమారు 2 టన్నులు. అమెరికావాడు విడుచునది సుమారు 14 టన్నులు. ఈ అన్యాయమును ప్రపంచసభలలో మన దేశము గట్టిగా చాటవలసినదే. కాని వాషింగ్టనులో న్యాయము జరుగు వరకు చెయ్యేటి కట్ట ఆగదు. పరులు చేసిన అపరాధమునకు పరిహారము నడుగుట వేరు, మన యింటి కప్పును మనము నేసికొనుట వేరు. రెండును జేయవలెను. పరిహార మడుగుటకైనను మన చెరువుల, వానల, పంటల లెక్కలు తెలిసి సభలో నిలువగల యువజనులు మనకుండవలెను.

పిల్లలు మొదట చదివి ఉద్యోగము సంపాదించవలెను గాని ఈ పను లేల? అనునది రెండవ ఆక్షేపణ. దీనికి మా సమాధానము: ఈ పనినే ఉద్యోగము చేయుడు. ఓర్వకల్లు చేరువ గని, శకునాల గ్రామముల భూములలో 1,000 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము 2017లో పూర్తియైనది. దానిని మేము హర్షించుచున్నాము. అదే పూర్వపు కర్నూలు జిల్లాలోని రోళ్ళపాడున బట్టమేకపిట్ట కొరకు 1988లో ఏర్పరచిన అభయారణ్యమున ఇప్పుడా పక్షి దాదాపు కానరాకున్నది. ఎండను విద్యుత్తుగా మార్చుట యావశ్యకము. గొఱ్ఱెల కాపరి బీడు, పక్షి గడ్డినేల, పల్లె త్రోవ నిలుపుకొనుటయు ఆవశ్యకమే. రాజస్థాన, గుజరాతులలో ఈ పక్షికిని విద్యుత్తీగలకును నడుమ వచ్చిన వ్యాజ్యముననే సుప్రీముకోర్టు, వాతావరణ మార్పు కీడులనుండి రక్షణ పొందు హక్కు రాజ్యాంగపు 14, 21 అధికరణములలో ఇమిడియున్నదని 2024లో తీర్పు చెప్పినది. ఇట్టి చిక్కుముళ్ళను నినాదములు విప్పజాలవు. లెక్కలెరిగి, చట్టమెరిగి, పల్లె నెరిగిన యువజనులు విప్పవలెను. అట్టివారిని తయారు చేయుటకు ఏండ్లు పట్టును. అందుకే నేడే మొదలిడవలెను.

కావున మేము పురప్రముఖుల ఎదుట కొన్ని పనులు పెట్టుచున్నాము. ప్రతి పఠనమందిరమును ఒక వర్షమాపకమును, ఒక లెక్కపుస్తకమును ఉంచవలెను. ఊరి చెరువు మట్టమును, కురిసిన వానను, విత్తిన తేదీని, ఎండిన బావులను ఇద్దరు యువజనులు అందు దినదినము వ్రాయవలెను. వారానికొక సాయంకాలము, ఉద్యోగ విరమణ జేసిన నీటిపారుదల ఇంజనీరు గాని, ఉపాధ్యాయుడు గాని, అనుభవముగల రైతు గాని వారితో కూర్చుండవలెను. తూము ఎట్లు పనిచేయునో, మరవ ఎందు కడ్డగింపరాదో, పూడిక ఎంత తీసిన కట్టకు చేటో ఇంజనీరునకు తెలియును; ఏ వంక ఎపుడు పొంగునో రైతునకు తెలియును. ఈ జ్ఞానము వారితోనే చితికెక్కుట కంటె వృథావ్యయము వేరొకటి లేదు. అయిదేండ్లు నిండిన అట్టి పుస్తకము ఏ జిల్లా అధికారియు త్రోసిపుచ్చరాని సాక్ష్యమగును.

ధనము మాట. ప్రొద్దుటూరు బంగారు వర్తకులు, ఆదోని ప్రత్తి వ్యాపారులు, నంద్యాల బియ్యపు మిల్లులవారు, బేతంచెర్ల నాపరాతి గనులవారు దేవళములకు, కల్యాణమంటపములకు చందాలిచ్చుటలో వెనుదీయరు. ఒక్కొక్క వర్తకసంఘము ఇద్దరేసి యువజనులకు మూడేండ్లపాటు జీవనభృతి నియ్యవలెనని మేము వేడుచున్నాము. ఒక యేడు చాలదు. మొదటి యేట వారు నేర్తురు, రెండవ యేట తప్పులు చేయుదురు, మూడవ యేట ఫలము చూపుదురు. ఒక యేటితో చేయి విడుచుట, ఏపుగా నెదిగిన పైరుకు పొట్టదశలో నీరు నిలిపివేయుట వంటిది.

చివరిది స్థానము. గ్రామసభలోను, 1997 నాటి చట్టముచే ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘములలోను ఈ యువతీయువకుల లెక్కలను చదివించి, వారి మాటను చర్చకు పెట్టవలెను. వారు పొరబడినచో దిద్దుడు, నవ్వకుడు. పోరుమామిళ్ళ శాసనము చెప్పిన ఆరు దోషములలో, చెరువు రెండు రాజ్యముల సరిహద్దున నుండుట యొకటి. నేడు మన యువజనులు అట్లే సరిహద్దున నిలిచియున్నారు. వ్యవసాయశాఖవారు నీటిపారుదలవారి యొద్దకు పొమ్మందురు. వారు విద్యాశాఖ యొద్దకు పొమ్మందురు. ఏ రాజ్యమునకును చెందని చెరువును ఎవ్వరును బాగుచేయరు.

యువజనులకును ఒక్క మాట. మీ ఆవేదన సత్యము. కాని ఆవేదన కొలబద్ద గాదు. పల్లెకు పోయి నేర్పుటకు ముందు నేర్చుకొనుడు. మీకంటె తక్కువ చదివిన రైతు మీకంటె ఎక్కువ కరవులను దాటివచ్చెను. పెద్దలు చెప్పినదంతయు శిరసావహింపనక్కర లేదు. వినకుండ మాత్రము పోకుడు.

పోరుమామిళ్ళ చెరువు కట్టిన వేయిమంది పేర్లు నేడెవ్వరికిని తెలియవు, చెరువు నిలిచియున్నది. మన పేర్లును అట్లే మరుగుపడును. మన తరువాతివారు ఒక కార్తె తప్పిన యేడు కట్టపై నిలిచి చూచునపుడు గర్భమున నీరుండుట, ఆ నీటిని పంచుటకు ఎరుకగల మనుష్యులుండుట మనకు కావలసిన శాసనము. తొలకరికి ముందు రైతు గొర్రును, గుంటకను సరిచేసికొనును. వచ్చు తొలకరి లోపల తమ యూరి యువజను లిద్దరిని పేరు పెట్టి పిలిచి, ‘మీ వెంట మూడేండ్లు మేమున్నాము’ అని చెప్పగల పఠనమందిరములు కర్నూలు, కడప సీమలలో ఎన్ని యుండునో చూడ గోరుచున్నాము.